డిప్రెషన్ తగ్గింది, కానీ ఏదీ సంతోషంగా అనిపించడం లేదు. ఇది మందుల వల్లా, జబ్బు వల్లా?

ఆకాశంకేసి:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీరు రాసినవి చదవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. ఇప్పుడు అడగక తప్పడం లేదు.

నాకు నలభై దగ్గర పడుతున్నాయి. సుమారు ఏడాదిన్నర క్రితం డిప్రెషన్ అన్నారు. అప్పట్లో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. లేచి పళ్లు తోముకోవడం కూడా కొండెక్కినంత పని. దారిన పోతూ పోతూ ఏడుపొచ్చేది. డాక్టర్ ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టారు, ముందు 10 మిల్లీగ్రాములు, కొన్నాళ్లకి 20. అది పనిచేసింది. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మందుల్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. నిద్ర పడుతోంది. ఆకలేస్తోంది. ఆఫీసులో నా పని నేను చేసుకుంటున్నాను. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన పూర్తిగా పోయింది. అందరూ "మళ్లీ మామూలు మనిషివయ్యావు" అంటున్నారు.

కానీ ఏదీ సంతోషంగా అనిపించడం లేదు.

నాకున్న పిచ్చి ఒక్కటే, ఆకాశం. ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉంది. శని గ్రహం వలయాలు సుమారు పదిహేనేళ్లకోసారి మనకి సరిగ్గా అంచు వైపు నుంచి కనిపించి, సన్నటి గీతలా అయిపోతాయి. 2009లో అలా జరిగినప్పుడు నా దగ్గర టెలిస్కోపు లేదు. "మళ్లీ 2025లో" అని డైరీలో రాసి పెట్టుకున్నాను. ఉద్యోగాలు మారినా, ఇళ్లు మారినా ఆ డైరీ పారేయలేదు. 2025 వచ్చింది. టెలిస్కోపు మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు. చూడాలని అనిపించలేదు, అంతే. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసింది వచ్చి వెళ్లిపోతోందే అన్న బాధైనా ఉండాలి కదా, అదీ లేదు.

చివరికి మా మేనల్లుడు పట్టుబట్టాడు. "మామయ్యా, ఈ ఒక్కసారి చూపించవా" అని వదలకపోతే, వాడి కోసం బిగించాను. ఐపీస్‌లో కన్ను పెట్టగానే ఒక్క క్షణం లోపల ఏదో కదిలింది. అంతలోనే పోయింది. మర్నాడు రాత్రి ఆకాశం ఇంకా బాగుంది. నేను పడుకున్నాను.

ఇంకొకటి. నా ప్రాణ స్నేహితుడి నాన్నగారు పోయారు. నాకు బండి నేర్పింది ఆయనే, నా మొదటి ఉద్యోగానికి చొక్కా కొనిచ్చింది ఆయనే. అక్కడ అందరూ ఏడుస్తుంటే నా కళ్లు మాత్రం తడవలేదు. సినిమాలో కుక్కపిల్ల తప్పిపోతేనే కళ్లనీళ్లు పెట్టుకునేవాణ్ణి నేను.

మా ఆవిడకి ప్రమోషన్ వచ్చింది. "చాలా సంతోషం" అన్నాను, నవ్వాను, భుజం తట్టాను. తను నా ముఖంలోకి చూసి, "నీకేమీ అనిపించలేదు కదూ" అంది. కోపంగా అనలేదు. అదే ఇంకా కష్టంగా ఉంది.

ప్రతిసారీ డాక్టర్ దగ్గర తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపుతాను. పోయినసారి నాకు 4 వచ్చింది. "చాలా బాగా తగ్గింది, ఇదే డోసు కొనసాగిద్దాం" అన్నారు ఆయన, నిజంగా సంతోషపడుతూ. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు. చావు అంచు దాకా వెళ్లి వచ్చినవాణ్ణి, "నాకు సంతోషం రావడం లేదండీ" అని ఏ నోటితో అడగను?

ఇది మందు వల్లా, జబ్బు ఇంకా మిగిలి ఉండటం వల్లా? ఇలా ఉండి బయటపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? డాక్టర్‌కి ఏమని చెప్పాలి?

---

తెరచాప:

అన్నా, నువ్వు రాసింది చదువుతుంటే నా గురించి ఎవరో రాసినట్టుంది. నాది పాటల పిచ్చి. డిప్రెషన్ తగ్గాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే పాట వినిపించేది, మాటలు అర్థమయ్యేవి, రాగం ఏదో కూడా చెప్పగలిగేవాణ్ణి, ఒంట్లో మాత్రం ఏమీ జరిగేది కాదు. బయటపడ్డానా అంటే, చాలావరకు బయటపడ్డాను. ఒక్క రోజులో రాలేదు. మొదట్లో వచ్చిపోతూ ఉండేది. పాట మధ్యలో ఒక చోట ఒళ్లు జలదరించేది, తర్వాత వారమంతా ఏమీ ఉండేది కాదు. నువ్వు ఐపీస్‌లో చూసిన ఆ క్షణం గురించి రాశావు చూడు, నాకూ అలాంటివే ముందు వచ్చాయి. దాన్ని తక్కువ చేయకు.

డాక్టర్‌కి మాత్రం చెప్పు. ఏమని చెప్పాలో తెలియకపోతే పైన రాసిందే ప్రింట్ తీసి ఇచ్చేయ్.

---

ఒక్కమాట:

నా అనుభవం చెబుతున్నాను. నాకూ ఇలాగే మొద్దుబారిపోతే మందు ఆపేశాను. కొద్ది వారాల్లో మళ్లీ ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది. మందులే కారణం. మీరూ మానేసి చూడండి, మీకే తెలుస్తుంది.

---

నైట్‌డ్యూటీ:

ఒక్కమాట గారూ, మీకు మేలు జరిగినందుకు నిజంగా సంతోషం. కానీ ఈ సలహా చదివి ఎవరో ఒకరు ఈ రాత్రే మాత్ర ఆపేస్తారు. అందుకే వెంటనే రాస్తున్నాను. నేను సైకియాట్రీలో పనిచేస్తాను. ఆకాశంకేసి గారిని నేను చూడలేదు కాబట్టి వైద్యం చెప్పను, ఆలోచించాల్సినవి మాత్రం చెబుతాను.

ముందు ఆపడం సంగతి. ఎస్ఎస్ఆర్ఐ మందులు, అంటే మీరు వాడే ఎస్సిటాలోప్రామ్ లాంటివి, ఒక్కసారిగా ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, వికారం, చిరాకు, పిచ్చి కలలు రావచ్చు. హఠాత్తుగా ఏడుపు ముంచుకురావడం కూడా ఇందులో భాగం కావచ్చు, అది భావాలు తిరిగి వచ్చాయనడానికి గుర్తు కానక్కర్లేదు. శరీరంలోంచి త్వరగా వెళ్లిపోయే పరాక్సెటిన్, ఎస్ఎస్ఆర్ఐ కాకపోయినా దగ్గరి జాతిదే అయిన వెన్లాఫాక్సిన్ లాంటివాటితో ఈ ఇబ్బంది ఎక్కువ. ఫ్లూక్సెటిన్ నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి తక్కువ. ఇంకో విషయం, మాత్రలో సగం తగ్గిస్తే మెదడులో మందు ప్రభావం సగం తగ్గదు. పెద్ద డోసుల దగ్గర కోత పెద్దగా తెలియదు, చిన్న డోసుల దగ్గర చిటికెడు తగ్గించినా బాగా తెలుస్తుంది. అందుకే చివరికి వచ్చేకొద్దీ ఇంకా చిన్న చిన్న మెట్లుగా దిగాలని 2019 తర్వాత ఎక్కువగా చెబుతున్నారు. ఇదంతా డాక్టర్‌తో కలిసి చేయాల్సిన పని.

ఇక మీ 4 మార్కుల సంగతి. ఆ కాగితం పేరు పీహెచ్‌క్యూ-9. ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3, మొత్తం 27. 5 కంటే తక్కువ వస్తే జబ్బు నెమ్మదించినట్టు లెక్క. అందులో మొట్టమొదటి ప్రశ్నే "పనుల్లో ఆసక్తి గానీ సంతోషం గానీ లేకపోవడం". ఇప్పుడు చూడండి, ఒక మనిషి ఆ ప్రశ్నకి పూర్తిగా 3 పెట్టి, మిగతా ఎనిమిదింటిలో ఒక్కదానికి 1 పెట్టినా మొత్తం 4. కాగితం ప్రకారం బాగైపోయినట్టే, మనిషికి మాత్రం లోకంలో ఏదీ సంతోషం ఇవ్వడం లేదు. డిప్రెషన్‌ని కొలవడానికి 1960 నుంచి వాడుతున్న హామిల్టన్ స్కేలులోనూ ఇదే ఇబ్బంది, 17 అంశాల్లో ఆసక్తి గురించి సూటిగా అడిగేది దాదాపు ఒక్కటే. మీ డాక్టర్ నిర్లక్ష్యం చేశారని నేను అనుకోను. ఆయన మొత్తం అంకె చూసి ఉంటారు. మీరు మొదటి ప్రశ్న మీద వేలు పెట్టి చూపించండి. డిప్రెషన్ నిర్ధారణలో రెండే మూల లక్షణాలు: దిగులు ఒకటి, ఆసక్తి, ఆనందం పోవడం రెండోది. నిర్ధారణకి కనీసం ఐదు లక్షణాలు ఉండాలి, వాటిలో ఈ రెండింటిలో ఒకటైనా ఉండి తీరాలి. అంటే మీరు చెప్పబోయేది చిన్న ఫిర్యాదు కాదు, సగం జబ్బు గురించి. ఇలా మిగిలిపోయిన లక్షణాలున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టే అవకాశం కూడా ఎక్కువ.

మందు వల్లా, జబ్బు వల్లా అన్నారు. రెండూ నిజమే కావచ్చు, అదే ఇక్కడి చిక్కు. 2017లో వచ్చిన ఒక సర్వేలో డిప్రెషన్ మందులు వాడుతున్న 669 మందిని అడిగితే 46 శాతం మంది ఎంతో కొంత భావాలు మొద్దుబారాయన్నారు. అయితే డిప్రెషన్ ఎక్కువ మిగిలినవాళ్లలోనే మొద్దుబారడమూ ఎక్కువగా కనిపించింది, కాబట్టి నేరమంతా మందు మీద వేయలేం. మరోవైపు 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కేంబ్రిడ్జి పరిశోధకులు ఏ జబ్బూ లేని వాలంటీర్లకి మీరు వాడే ఎస్సిటాలోప్రామే, రోజుకి 20 మిల్లీగ్రాములు, మూడు వారాలకి పైగా ఇచ్చి చూశారు. ఏది చేస్తే మేలు జరుగుతుంది, ఏది చేస్తే జరగదు అన్న సంకేతాలకి వాళ్లు స్పందించడం తగ్గింది. జబ్బే లేనివాళ్లలోనూ తగ్గిందంటే మందు పాత్రా ఉందన్నమాట.

మిమ్మల్ని మూడు విషయాలు అడగాలని ఉంది. ఈ స్థితి మందుకి ముందే ఉందా, 10 మీద వచ్చిందా, 20కి పెంచాక వచ్చిందా? సంతోషంతో పాటు ఏడుపు, కోపం, భయం కూడా తగ్గాయా? థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు ఈ మధ్య చేయించారా, గురక పెడతారని ఇంట్లో ఎవరైనా అంటున్నారా? ఈ చివరి ప్రశ్న వింటే విసుగొస్తుందని తెలుసు. కానీ థైరాయిడ్ తక్కువై, అది డిప్రెషన్ ఖాతాలో పడిపోవడం కొత్తేమీ కాదు.

---

ఆకాశంకేసి:

నైట్‌డ్యూటీ గారూ, ఇంత వివరంగా రాసినందుకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఆ మొదటి ప్రశ్నకి నేను పెట్టింది 3. నిద్రకి 1. సరిగ్గా మీరు చెప్పినట్టే.

డైరీలు తీసి చూశాను. నాకు ఆకాశం గురించి రోజూ రెండు ముక్కలు రాసే అలవాటు ఉంది కాబట్టి ఇది తేలింది. జబ్బు ముదిరిన రోజుల్లో కూడా ఏదో ఒకటి రాశాను. "మబ్బులు, చూడలేకపోయా, దిగులుగా ఉంది" లాంటివి. 10 మిల్లీగ్రాములు మొదలైన కొన్నాళ్లకి ఒక రాత్రి గురుగ్రహం చంద్రుల గురించి సగం పేజీ ఉంది, కింద గీత గీసి మరీ. 20కి పెంచాక రాతలు చిన్నవవుతూ పోయాయి, తర్వాత ఖాళీ పేజీలు. ఖాళీగా ఉన్నందుకు బెంగ కూడా ఎక్కడా రాయలేదు.

ఏడుపు, కోపం, భయం మూడూ తగ్గాయి. ఆఫీసులో ఒకతను నా పనిని తనదని చెప్పుకుంటే చూస్తూ ఊరుకున్నాను. అందరూ ఓర్పు అనుకున్నారు. ఓర్పు కాదు, కోపం రాలేదు. పరీక్షలు జబ్బు మొదట్లో చేయించినవే. గురక ఉందట, మా ఆవిడ చెప్పింది.

---

మొలక:

నమస్తే తమ్ముడూ. నేను క్లినికల్ సైకాలజిస్టుని. మందుల సంగతి నైట్‌డ్యూటీ గారికి వదిలేస్తాను. నీ టెలిస్కోపు రాత్రి గురించి మాత్రం మాట్లాడాలి, ఎందుకంటే నువ్వు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే అనిపించింది.

నువ్వు "సంతోషం లేదు" అన్నావు. కానీ ఐపీస్‌లో కన్ను పెట్టినప్పుడు ఏదో కదిలింది. లేనిదల్లా గుడ్డ తీసి బిగించాలన్న కోరిక. ఈ రెండూ ఒకటి కాదు. కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు 1980ల చివర్లో ఎలుకల మీద చేసిన పనిలో ఇది తేలింది. మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపు పూర్తిగా పోయిన ఎలుకలు వాటంతట అవి తిండి దగ్గరికి వెళ్లవు, పక్కనే ఉన్నా సరే. కానీ వాటి నోట్లో తీపి చుక్క వేస్తే మామూలు ఎలుకల్లాగే మూతి నాక్కుంటాయి. అంటే ఆస్వాదించడం మిగిలే ఉంది, దాని కోసం వెళ్లడం పోయింది. డిప్రెషన్‌లో చాలామందికి ముందు దెబ్బతినేది ఈ వెళ్లడమే. ఒక పనికి కష్టం ఎంత, దక్కేది ఎంత అని మనసు లోపల వేసుకునే లెక్క తప్పుతుంది. కష్టం కొండంత కనిపిస్తుంది, దక్కేది గోరంత కనిపిస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమంటే, నువ్వు ఇప్పుడు "అనిపించినప్పుడు చూద్దాం" అని కూర్చున్నావు. మామూలు రోజుల్లో అది సరైనదే. ముందు అనిపిస్తుంది, తర్వాత చేస్తాం. నీ విషయంలో ఆ అనిపించడమే పాడైంది కాబట్టి, దాని కోసం ఎదురుచూస్తే ఏళ్లు గడిచిపోతాయి. వరస తిప్పాలి. ముందు చేయాలి, అనిపించడం తర్వాత వస్తుంది, కొన్నిసార్లు రాదు కూడా. నీ మేనల్లుడు చేసింది అదే. వాడు నీ కోరిక స్థానంలో నిలబడ్డాడు.

దీన్ని పద్ధతిగా చేయించే థెరపీని బిహేవియరల్ యాక్టివేషన్ అంటాం. 1970లలో పీటర్ లెవిన్సన్ అనే సైకాలజిస్టు పనితో మొదలైంది. ఇంగ్లండులో 440 మందితో జరిగి, 2016లో ఫలితాలు వచ్చిన పరీక్షలో, థెరపిస్టులుగా వృత్తి శిక్షణ లేని జూనియర్ సిబ్బంది ఇచ్చిన ఈ థెరపీ, నిపుణులైన థెరపిస్టులు ఇచ్చిన సీబీటీకి (ఆలోచనల తీరునీ, ప్రవర్తననీ మార్చే థెరపీకి) తీసిపోలేదని తేలింది. చూడ్డానికి చాలా చిన్నగా ఉంటుంది, అందుకే చాలామంది నమ్మరు. "వాకింగ్‌కి వెళ్లు, నలుగురితో కలువు" అనే మాటకీ దీనికీ తేడా ఉంది. పని పేరు, రోజు, గంట ముందే రాసుకుంటావు. ఆకాశం చూడటం అని రాస్తే కుదరదు, అది పెద్దది. "బుధవారం ఎనిమిదింటికి గుడ్డ తీసి, టెలిస్కోపు బయట పెట్టడం" అని రాస్తావు. చూడటం ఆ రోజు పనిలో లేదు. బయట పెట్టాక చూస్తే చూశావు, లేకపోతే లేదు.

నా దగ్గరికి వచ్చేవాళ్లతో ఇంకొకటి చేయిస్తాను. పనికి ముందు, "ఇది నాకు ఎంత బాగుంటుంది" అని పదికి ఒక అంకె వేయమంటాను. అయిపోయాక నిజంగా ఎంత బాగుందో ఇంకో అంకె. ముందు వేసేది చాలాసార్లు సున్నా, ఒకటి. తర్వాత వేసేది రెండు, మూడు. పెద్ద తేడా కాదు. కానీ వారాల తరబడి కాగితం మీద అదే తేడా కనిపిస్తుంటే, వెళ్లకముందు మనసు చెప్పే మాటని పూర్తిగా నమ్మనక్కర్లేదని మనిషికి తెలుస్తుంది. నీకు డైరీ అలవాటు ఉంది కాబట్టి నీకు ఇది తేలిక.

ఆ ఒక్క క్షణం గురించి కూడా. అది వచ్చి పోయిందన్నావు. పోయాక ఏం చేశావు? చాలామంది "చూశావా, అప్పుడే పోయింది" అని బాధపడి అక్కడితో వదిలేస్తారు. మిషెల్ క్రాస్క్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు 2019లో ప్రచురించిన ఒక థెరపీ దీని మీదే కట్టారు. దిగులు తగ్గించడం మీద కాకుండా మంచి భావాన్ని పెంచడం మీదే ధ్యాస పెట్టేలా దాన్ని తయారుచేశారు. అందులో ఒక భాగం, జరిగిన మంచి క్షణాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, చిన్న చిన్న వివరాలతో బయటికి చెప్పడం. ఐపీస్ రబ్బరు కంటికి చల్లగా తగలడం, మేనల్లుడు పక్కన ఊపిరి బిగబట్టడం, గీత కనిపించిన ఆ ఘడియ. వివరం ఎంత ఎక్కువైతే అంత మంచిది. రెండు నిమిషాల పని. మొదట్లో కృతకంగా అనిపిస్తుంది. అనిపించనీ.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. "చావు అంచు నుంచి వచ్చినవాణ్ణి, సంతోషం కూడా కావాలని ఎలా అడగను" అని రాశావు. అది చదివి నాకు చాలా బాధేసింది. నా దగ్గర కూర్చున్నవాళ్లలో ఎంతోమంది ఇదే మాట అంటారు. సంతోషం అంటే జబ్బు తగ్గాక దొరికే బోనస్ కాదు తమ్ముడూ. చికిత్స జరిగేదే దానికోసం. రోగుల్ని "మీ దృష్టిలో కోలుకోవడం అంటే ఏంటి" అని అడిగిన అధ్యయనాల్లోనూ లక్షణాలు పోవడం కంటే ముందు వాళ్లు చెప్పినవి ఆశ, ఆత్మవిశ్వాసం, మళ్లీ ఎప్పటి తనలా ఉండటం.

---

సహచరి:

నేను మీ ఆవిడ వైపు నుంచి రాస్తున్నాను అన్నగారూ. మా ఆయనది ఇదే పరిస్థితి. జబ్బుతో ఉన్నప్పుడు ఆయన ఏడిస్తే పట్టుకుని కూర్చునేదాన్ని, అప్పుడు నాకు చేయడానికి ఒక పని ఉండేది. తగ్గాక ఇంట్లో మర్యాదగా, నెమ్మదిగా తిరిగే ఒక మనిషి మిగిలాడు. అడిగితే సమాధానం చెబుతాడు, చెప్పిన పని చేస్తాడు. నా మీద ప్రేమ పోయిందనుకున్నాను. ఎవరితోనూ చెప్పుకోలేదు. బయటివాళ్లు "అదృష్టవంతురాలివి, కోలుకున్నాడు" అంటుంటే ఏం చెప్పను?

మీ ఆవిడ "నీకేమీ అనిపించలేదు కదూ" అన్నారంటే ఆవిడ కూడా ఇదే మోస్తుండొచ్చు. దయచేసి ఈ పోస్టు ఆవిడకి చూపించండి. "నీ మీద ఇష్టం పోలేదు, నాకు దేనిమీదా ఏమీ తెలియడం లేదు" అని మా ఆయన నోరు తెరిచి చెప్పిన రోజు నాకు సగం బరువు దిగింది. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్లాం. ఆయన "బాగానే ఉన్నానండీ" అన్నారు. నేను "బాగాలేరండీ" అన్నాను. లోపలి సంగతి ఆయనకి తెలుసు, కానీ మునుపు ఎలా ఉండేవారో, ఇప్పుడు ఎలా ఉన్నారో పక్కనుంచి చూసింది నేను. డాక్టర్‌కి రెండూ కావాలి.

సిగ్గుపడే విషయం ఒకటుంది, అయినా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. దాంపత్యం విషయంలోనూ మాకు ఇబ్బంది వచ్చింది. అది ఈ మందులకి చాలామందిలో వచ్చే సైడ్ ఎఫెక్టేనని డాక్టర్ చెప్పేదాకా మా ఇద్దరికీ తెలియదు. ఎవరి మనసులో వాళ్లం వేరే అర్థాలు తీసుకున్నాం. అడగండి. డాక్టర్లు ఇలాంటివి రోజూ వింటారు.

---

ఒక్కమాట:

నైట్‌డ్యూటీ గారు చెప్పింది అర్థమైంది. నాది తక్కువ డోసు, వాడింది కూడా కొద్ది నెలలే. అందరికీ అలా చెప్పకూడదు. ఆకాశంకేసి గారూ, దయచేసి మీ అంతట మీరు ఆపకండి.

---

ఆకాశంకేసి:

అందరికీ. కొన్ని వారాలు రాయలేదు, డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చి రాద్దామని ఆగాను.

ఇద్దరం వెళ్లాం. ఈ పోస్టు ముందే మా ఆవిడకి చూపించాను. సహచరి గారి మాటల దగ్గర తను చాలాసేపు ఆగిపోయింది. ఆ రాత్రి మేం మాట్లాడుకున్నవి ఇక్కడ రాయను.

డాక్టర్ ముందు డైరీ పెట్టాను. గురుగ్రహం పేజీ, ఖాళీ పేజీలు తిప్పి చూపించాను. ఆయన శ్రద్ధగా చూశారు. "ఇది ముందే చెప్పాల్సింది" అని ఒక్క మాట కూడా అనలేదు, "మంచి పని చేశారు" అన్నారు. ఇవి తేలాయి. రక్తపరీక్షలు మళ్లీ చేయించాం, థైరాయిడ్ బాగానే ఉంది, బి12 తక్కువగా ఉంది, దానికి మందిచ్చారు. గురక కోసం నిద్ర పరీక్ష రాశారు. ఎస్సిటాలోప్రామ్ 20 నుంచి 15కి తగ్గించారు, కొన్ని వారాలు చూసి 10. దిగులు తిరిగొచ్చే సూచన కనిపిస్తే వెంటనే రమ్మన్నారు, ఏ సూచనలు అన్నది మా ఆవిడకి విడిగా చెప్పారు. తగ్గించినా మొద్దుబారడం పోకపోతే మందు మార్చడం గురించి ఆలోచిద్దామన్నారు, బుప్రోపియాన్ గానీ వోర్టియోక్సెటిన్ గానీ అన్నారు.

ఇప్పుడు 15 మీద ఉన్నాను. పెద్ద మార్పేమీ లేదు. ఆఫీసులో అతను మళ్లీ నా పని తనదన్నప్పుడు కాస్త చిర్రెత్తింది. మా ఆవిడకి చెబితే పండగలా సంబరపడింది.

రెండు సందేహాలు. నైట్‌డ్యూటీ గారూ, ఆ రెండు మందులకీ దీనికీ తేడా ఏంటి? మొలక అక్కా, బుధవారం పని మొదలుపెట్టనా, డోసు తగ్గించడం అయ్యేదాకా ఆగనా? రెండూ ఒకేసారి చేస్తే దేనివల్ల ఏమైందో తెలియదేమోనని.

---

నైట్‌డ్యూటీ:

వినడానికి చాలా బాగుంది. బుప్రోపియాన్, ఎస్సిటాలోప్రామ్‌లా సెరటోనిన్ అనే మెదడు రసాయనం మీద కాకుండా, నోరెపినెఫ్రిన్, డోపమైన్ అనే వేరే రసాయనాల మీద పనిచేస్తుంది. దాంతో భావాలు మొద్దుబారడం తక్కువ, లైంగిక ఇబ్బందీ తక్కువ. ఫిట్స్ వచ్చినవాళ్లకి, తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలు ఉన్నవాళ్లకి ఇవ్వకూడదు, నిద్ర చెడగొట్టొచ్చు, కొందరిలో ఆందోళన పెంచొచ్చు. వోర్టియోక్సెటిన్ సెరటోనిన్ మీదే పనిచేస్తుంది కానీ వేరే దారిలో. ఎస్ఎస్ఆర్ఐతో మొద్దుబారినవాళ్లని దీనికి మార్చి చూసిన అధ్యయనంలో చాలామందికి మేలైంది, అయితే పోల్చి చూడటానికి వేరే గుంపు లేదు కాబట్టి అంతా ఆ మందు గొప్పే అనలేను. డోపమైన్ మీద నేరుగా పనిచేసే ప్రమిపెక్సోల్‌ని మొండి డిప్రెషన్‌కి అదనంగా ఇచ్చిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. మేలు కనిపించింది, సైడ్ ఎఫెక్టులతో మానేసినవాళ్లూ ఎక్కువే. అది మొదటి మెట్టు మందు కాదు. జీవితంలో ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా రోజుల తరబడి విపరీతమైన ఉత్సాహంతో ఉన్నారా అన్నది మాత్రం మందు మార్చే ముందు డాక్టర్‌కి తప్పక చెప్పండి. అలాంటి చరిత్ర ఉంటే లెక్క మొత్తం మారుతుంది.

చదువుతున్న మిగతావాళ్లకి కూడా ఒక మాట. సంతోషం పోవడం ఒక్కటే అయినా, "ఇలా బతికి ఏం లాభం" అన్న ఆలోచనగా మారే ప్రమాదం ఉంది, దిగులు పెద్దగా కనిపించకపోయినా సరే. ఆ ఆలోచన వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయండి, దొరక్కపోతే దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి.

---

మొలక:

ఆగొద్దు తమ్ముడూ. నువ్వు ప్రయోగశాలలో లేవు, నీ ఇంట్లో ఉన్నావు. దేనివల్ల బాగైందో తేలకపోయినా ఫరవాలేదు, బాగవ్వాలి. ఏ మార్పు ఎప్పుడు చేశావో డైరీలో తేదీతో రాసుకుంటే చాలు, తర్వాత డాక్టర్‌కి అదే ఆధారం. మందు మార్పులు మాత్రం రెండు ఒకేసారి వద్దని నేనూ అంటాను, అది మీ డాక్టర్ చూసుకుంటున్నారు.

బుధవారంతో మొదలుపెట్టు. వారానికి రెండు రోజులు చాలు, ఒకటి ఆకాశానికి, ఒకటి మనుషులకి. మనుషుల రోజు మీ ఆవిడతో కూర్చుని పనిగట్టుకుని కబుర్లు చెప్పుకోవడం కావచ్చు, స్నేహితుడికి ఫోన్ కావచ్చు. వాళ్ల నాన్నగారి గురించి అతనితో మాట్లాడు. అక్కడ ఏడవలేకపోయానని చెప్పు, ఆయన కొనిచ్చిన చొక్కా సంగతీ చెప్పు. ముందొక అంకె, తర్వాతొక అంకె. రెండూ సున్నాలే వచ్చిన రోజు కూడా రాయి, ఖాళీ వదలకు. మూడు నాలుగు వారాల కాగితాలు జమయ్యాక ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.